ముప్పై పుంజీల కంకులు

"బేసి వరుసలున్న కంకి దేవులాడి తే, పావలా ఇస్త" అనేది మా నాయనమ్మ.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు ఉంటాయేమో, అంటే 1980 ప్రాంతం. జగిత్యాల వైపు మాదొక చిన్న ఊరు. మక్కలు, అదే మొక్కజొన్న, కోసి కల్లంలో పోశాక పిల్లలం గుంపుగా కుప్ప చుట్టూ కూర్చుని ఒక్కో కంకి పొరలు విప్పి వరుసలు లెక్కపెట్టేవాళ్ళం. పన్నెండు, పద్నాలుగు, మళ్ళీ పద్నాలుగు, పదహారు. పదమూడు మాత్రం రాదు. ఒకసారి ఆశకొద్దీ ఒక వరుస మొత్తం గోటితో పీకేసి, పదమూడు వరుసల కంకి దొరికిందని తీసుకుపోయాను. నాయనమ్మ కండ్లతో చూడనేలేదు. కంకిని చేతిలో తిప్పుతూ బొటనవేలితో తడిమింది. "ఈడ పండ్లు ఊడగొట్టినవ్ బిడ్డా, నువ్వే నాకు పావలా బాకీ" అంది.

కంకి మీద గింజలు పుట్టడమే జంటలు జంటలుగా పుడతాయని, అందుకే వరుసలు ఎప్పుడూ సరి సంఖ్యేనని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికి నాయనమ్మ లేదు. ఆమెకు కారణం తెలుసో లేదో గానీ పావలా పోదని మాత్రం తెలుసు.

గోదావరి జిల్లాల స్నేహితులు మొక్కజొన్న అంటే నాకు ఇప్పటికీ వేరే పంట ఏదో అన్నట్టుంటుంది. మాకు అవి మక్కలు. మాది చల్క నేల, అంటే ఎర్రటి ఇసుక నేల. మిరుగు, అంటే మృగశిర కార్తె, పడగానే దున్ని నాగలి వెనుక సాలులో గింజ పెట్టేవాళ్ళు. మక్కల మధ్య కందులు, అక్కడక్కడ బబ్బెర్లు. పోచంపాడు కాలువ నీళ్ళు అందే వైపు వాళ్ళు పసుపు పెట్టి, దానిలో అంతర పంటగా మక్క వేసేవాళ్ళు. మాకు కాలువ లేదు, ఉన్న ఒక్క బాయి నీళ్ళు ఇంత వరి మడికే సరిపోయేవి. మక్కలు వానదేవుడి మీద భారం.

మావి తెల్ల మక్కలు. పాలలా తెలుపు కాదు, పాత పంచె రంగు. ఆ విత్తనం ఎక్కడి నుంచి వచ్చిందని నాయనమ్మను అడిగితే "మా అత్త ఇచ్చింది" అనేది. ఆ అత్తకు ఎవరిచ్చారో ఎవరూ అడగలేదు. మా ఇంట్లో మూడు తరాలుగా ఆ విత్తనం ఆడవాళ్ళ చేతుల్లోనే నడిచింది. దున్నడం, గుంటుక తోలడం, కోయడం మగవాళ్ళ పని. ఏ కంకి విత్తనానికి ఉండాలో చెప్పేది మాత్రం నాయనమ్మ. తాత కూడా నోరెత్తేవాడు కాదు.

ఆమె విత్తనం ఏరే పద్ధతి ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. అందరూ కల్లంలో కుప్ప పోసి దానిలోంచి లావుపాటి కంకులు ఏరుకునేవాళ్ళు. నాయనమ్మ అలా ఎన్నడూ ఏరలేదు. కోతకు పది పదిహేను రోజుల ముందే పాత చీర పేలికలు చించి కొంగులో కట్టుకుని చేనులోకి పోయేది. నేను వెనుక. సాలు పట్టుకుని నడుస్తూ ఒక్కో మొక్క దగ్గర ఆగేది. గట్టు పక్క మొక్కలకు పేలిక కట్టేది కాదు. పెంటకుప్ప పోసిన చోట మొక్కలు ఏనుగుల్లా ఉండేవి, వాటివైపు చూసేదే కాదు. "ఇది మంచిగుంది కదే" అంటే, "దాని గొప్ప కాదు బిడ్డా, పెంట గొప్ప" అనేది. చుట్టూ మొక్కలు ఒత్తుగా ఉండి కూడా, అందరితో పాటే ఎండకాగి, వాటికంటే కొంచెం మెరుగ్గా నిలబడ్డ మొక్క కావాలి ఆమెకు. గాలికి ఒరగకూడదు. కంకి మరీ పైన ఉండొద్దు, నడుము ఎత్తున ఉండాలి. పైన ఉంటే బరువుకి గాలివానలో మొక్క పడిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం కంకి కొస. పొరలు కొస దాటి ముందుకు వచ్చి మూతి బిగించినట్టు ఉండాలి. కొస బయటపడి పండ్లు ఇకిలిస్తున్న కంకి ఎంత లావుగా ఉన్నా వద్దు. చిలుక పొడుస్తుంది, వాన నీళ్ళు దిగుతాయి, ఇంట్లోకి వచ్చాక పురుగు మొదట పట్టేదీ దానికే.

పేలిక కట్టిన మొక్కల కంకులు వేరుగా కోసి, పొరలు ఊడదీయకుండా వెనక్కి మలిచి, రెండేసి కంకుల్ని ముడివేసి వంటింటి దూలానికి వేలాడదీసేది. కింద పొయ్యి. ఏడాది పొడుగునా పొగ తగిలి అవి నల్లబడి, పండుగలకు ఇల్లు అలికినా వాటి జోలికి ఎవరూ పోయేవాళ్ళు కాదు. ముక్కు పురుగు ఆ పొగకు దగ్గరికి వచ్చేది కాదు. లెక్క ఎప్పుడూ ఒకటే. ముప్పై పుంజీలు. పుంజీ అంటే నాలుగు అని ఇప్పటి పిల్లలకు చెప్పాల్సి వస్తోంది కాబట్టి చెప్తున్నాను, నూట ఇరవై కంకులు.

మా రెండెకరాలకు అంత విత్తనం అక్కర్లేదు.  "ఇన్ని ఎందుకే" అని అమ్మ విసుక్కునేది, మసి రాలి కూరలో పడుతోందని. నాయనమ్మ జవాబు "మా అత్త ముప్పై పుంజీలు కట్టేది" అనే. విత్తే రోజు మళ్ళీ ఒక వింత. ఒక్కో కంకి కొసన, అడుగున ఉన్న గింజలు ఒలిచి కోళ్ళకు వేసేది. నడుమ గింజలు మాత్రం తీసేది, అదీ ప్రతి కంకి నుంచీ ఇంతింత. మంచి కంకి కదా అని మొత్తం ఒలిచేది కాదు. మిగిలినవి గట్కకు.

గట్క అంటే గుర్తొచ్చింది. ఇసుర్రాయిలో మక్కలు రవ్వగా ఇసిరి, చెరిగి, ఎసరులో పోసి ఉడికించేది అమ్మ. పొద్దున దానిలో చల్ల పోసుకుని ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తాగేవాళ్ళం. మధ్యాహ్నం అదే గట్కలో కందిపప్పు, లేకపోతే పుంటికూర. బియ్యపు అన్నం పండుగకో, చుట్టాలు వస్తేనో. నాకు గట్క అస్సలు ఇష్టముండేది కాదని నిజం చెప్పేస్తాను. జ్ఞాపకాలు రాసేవాళ్ళంతా చిన్నప్పటి తిండిని అమృతం అంటారు. నేను కంచం ముందు ఏడ్చిన రోజులున్నాయి.

గారెల సంగతి వేరు. వినాయక చవితి వెళ్ళాక కంకి పాలు పోసుకుని గట్టిపడుతున్న రోజుల్లో ఒక వారం, పది రోజులు మాత్రమే గారెలకు పనికొస్తుంది. గోటితో గుచ్చితే పాలు చిమ్మితే లేత, పిండి జారిపోతుంది. గోరు దిగకపోతే ముదిరింది. గోరు దిగి తడి మాత్రమే అంటాలి. పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర వేసి రోట్లో కచ్చాపచ్చాగా రుబ్బి మోదుగాకు మీద తట్టి నూనెలో వేస్తే వీధి చివరికి వాసన. ఇప్పుడు స్వీట్‌కార్న్‌తో చేస్తున్నారు. అది గారె కాదు, తీపి బజ్జీ. దానిలో చక్కెర ఎక్కువ, పిండి తక్కువ, నిలబడదు.

ఇక 1984లో బాపు, అంటే మా నాన్న, హైబ్రిడ్ వేశాడు, రెండు వేర్వేరు రకాలను కలిపి తీసిన విత్తనం. అప్పటికే చుట్టుపక్కల ఊళ్ళలో వచ్చేసింది. నిజానికి హైబ్రిడ్ మక్క మన దగ్గర అంత కొత్తది కాదు, దేశంలో మొదటి హైబ్రిడ్‌లు 1961లోనే విడుదలయ్యాయి, వాటిలో ఒకదాని పేరే దక్కన్. మా ఊరికి రావడానికి ఇరవై ఏళ్ళు పైన పట్టింది. తెల్ల మక్కలు కాలం బాగుంటే ఎకరానికి ఎనిమిది, తొమ్మిది క్వింటాళ్ళు. బాపు మొదటి ఏడే పదహారు తీశాడు. కల్లంలో పసుపుపచ్చ కుప్ప చూసి తాత రెండుసార్లు చుట్టూ తిరిగాడు. ఆ డబ్బుతోనే నేను హాస్టల్లో చేరాను. కాబట్టి హైబ్రిడ్‌ను తిట్టే హక్కు నాకు లేదు.

ఒక్క ఏడు మాత్రం బాపు లెక్క తప్పింది. విత్తనం బస్తా ధర ఎందుకు పెట్టాలి, అమ్మ చేసినట్టే నేనూ ఏరి పెట్టుకుంటానని హైబ్రిడ్ చేను నుంచి మంచి కంకులు ఉంచాడు. తర్వాతి మిరుగుకు అవే వేశాడు. పంట లేచాక చేను చూడాలి. ఒక మొక్క నెత్తి మీదికి, పక్కది మోకాలి దగ్గర. ఒకటి పూతకొస్తే ఇంకోటి ఇంకా ఆకు విప్పుతోంది. బడి పిల్లల వరుసలో అన్ని తరగతుల వాళ్ళూ కలిసి నిలబడ్డట్టు ఉంది. నాయనమ్మ గట్టు మీద నిలబడి చాలాసేపు చూసి, "గీళ్ళ తల్లిదండ్రులు ఒక్కింటోళ్ళు కాదు" అంది. హైబ్రిడ్ గురించి ఇంతకంటే తక్కువ మాటల్లో చెప్పినవాళ్ళు నాకు కనపడలేదు.

ఇంతకూ అసలు గొడవ వేరే. బాపు పసుపు మక్కలు వేసిన చేనుకు ఆనుకునే నాయనమ్మ పట్టుబట్టి ఉంచుకున్న పది గుంటల, అంటే పావెకరం, తెల్ల మక్కలు. మక్కకు నెత్తిన వచ్చే పూత మగది, కంకికి వేలాడే పీచు ఆడది. పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజకు. ఆ పోగు మీద పుప్పొడి పడితేనే గింజ, లేకపోతే ఆ చోటు బోసి. పూత మీదున్నప్పుడు వారం రోజులు ఎండ దంచితే వచ్చిన కంకులు పండ్లూడిన ముసలోళ్ళ నోళ్ళలా ఉండేవి. ఇక గాలికి పుప్పొడి ఎటుపోతుందో ఎవరు ఆపగలరు? ఆ ఏడు నాయనమ్మ కంకులు విప్పితే తెల్ల గింజల నడుమ పసుపు గింజలు. ఒక కంకికి పది, ఒక కంకికి నలభై.

ఆమె బాపు మీద అరవలేదు. విత్తే రోజు చాటలో గింజలు పోసుకుని గడపలో కూర్చుని పసుపువి ఒక్కొక్కటీ ఏరి పారేసింది. రెండు రోజులు పట్టింది. మరుసటి ఏడు తన పది గుంటలు మూడు వారాలు ఆలస్యంగా విత్తింది, పూతలు ఒకేసారి రాకుండా. దాంతో వెనుక వానలు లేక సగం పంట పోయింది. "ముసల్దానికి పట్టుదల" అన్నారు ఊళ్ళో. నేనూ అనుకున్నాను.

డిగ్రీ చదివేటప్పుడు తెలిసింది ఆమె చేసిన పని ఎంత సరైనదో. పసుపు రంగు తెలుపు మీద పైచేయి. తెల్ల మక్క పీచు మీద పసుపు పుప్పొడి పడితే ఆ గింజ ఆ పంటలోనే పసుపు తిరుగుతుంది, తర్వాతి ఏడు దాకా ఆగదు. అంటే కలిసిన గింజ ఏదో అదే చెప్పేస్తోంది. పసుపువన్నీ ఏరేస్తే మిగిలిన తెల్లవాటికి పక్క చేను పసుపు సోకనట్టే. చాట, రెండు కండ్లు, రెండు రోజుల ఓపిక, అంతే.

అదే రోజుల్లో మక్కల పోషణ గురించీ కొంత చదివాను. గట్క మీద నా చిన్నప్పటి కోపానికి ఏమైనా ఆధారం దొరుకుతుందేమోనని కూడా. దొరికింది. మక్కలో మాంసకృత్తులు ఉన్నా వాటిలో ఒంటికి తప్పక కావాల్సిన లైసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు తక్కువ. మక్క ఒక్కటే తిని బతికిన దేశాల్లో పెల్లాగ్రా వచ్చింది, ఎండ తగిలే మెడ, చేతులు నల్లబడి తోలు ఊడే జబ్బు. మక్కకు పుట్టినిల్లయిన మెక్సికోలో సున్నం నీళ్ళలో ఉడికించి తింటారు, దాంతో నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది, అది తక్కువైతేనే ఆ జబ్బు. మన దక్కన్‌లో జొన్న తినే పేదల్లో ఇదే జబ్బు కనిపిస్తే హైదరాబాద్‌లో పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ లాంటి వాళ్ళు దాని మీద పరిశోధన చేశారు. మరి మా ఇంట్లో ఎవరికీ ఎందుకు రాలేదంటే, గట్క ఒంటరిగా తినలేదు. మక్కకు ఏది తక్కువో అది కందుల్లో, బబ్బెర్లలో ఉంది, చల్లలో ఉంది. ఒకే చేనులో పెరిగినవి ఒకే కంచంలోకి వచ్చేవి. చల్ల కూడా దొరకని ఇళ్ళు మా ఊళ్ళోనే ఉండేవి, వాళ్ళ సంగతి నేను చెప్పలేను.

గింజలోనే ఆ లోటు తీర్చాలని చూసినవాళ్ళూ ఉన్నారు. 1964లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్ళు ఓపేక్-2 అనే ఒక మార్పు ఉన్న మక్కలో లైసిన్ బాగా ఎక్కువని ప్రకటించారు. మన దేశంలో 1971లోనే శక్తి, రతన్, ప్రోటీనా అని మూడు రకాలు వదిలారు. మూడూ కాంపోజిట్‌లే, అంటే రైతు తన విత్తనం తానే ఉంచుకోదగ్గవి. కానీ గింజ మెత్తన, సుద్దముక్కలా ఉండేది. దిగుబడి తక్కువ, పురుగుకు పండుగ. నిలవలేదు. తర్వాత మెక్సికోలో సురీందర్ వాసల్, ఎవాంజెలినా విల్లెగాస్ ఏళ్ళ తరబడి కష్టపడి గింజ గట్టిదనం తిరిగి తెచ్చారు, 2000లో వాళ్ళకు ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. పొరలు మూతి బిగించని కంకిని నాయనమ్మ ఎందుకు వద్దనేదో ఇది చదివినప్పుడు ఇంకోసారి గుర్తొచ్చింది. ఎంత బలమైన గింజైనా పురుగు తిన్నాక మనకేం మిగులుతుంది?

అలాగని తెల్ల మక్కే గొప్పదని చెప్పను. పసుపు మక్కలో ఉండే కెరోటిన్ లాంటి పదార్థాలు తెల్లదానిలో దాదాపు ఉండవు. బాపు మక్కలు తిన్న కోళ్ళ గుడ్ల సొన ముదురు పసుపు, నాయనమ్మ మక్కలు తిన్నవాటిది పాలిపోయినట్టు. ఇది కనిపెట్టింది మా అమ్మ, ఏ పుస్తకమూ చదవకుండానే.

నాయనమ్మ 1994లో పోయింది. ఆ తర్వాత అమ్మ కొన్నేళ్ళు తెల్ల మక్కలు ఇంటి వెనుక వేసింది. నేను ఉద్యోగంలో స్థిరపడి 2003లో, ఇక ఇవి నేను చూసుకుంటానని తీసుకున్నాను. అక్కడే చెడగొట్టాను.

నాకు డిగ్రీ ఉంది కదా. వంద కంకులెందుకు, అన్నిటిలో శ్రేష్ఠమైనవి ఆరు చాలు అనుకున్నాను. ఏటా ఆరే ఆరు కంకులు, కండపట్టి, నిండుగా, ఫోటో తీసుకునేలా ఉన్నవి ఏరాను. అవే వేశాను. మొదటి ఏడు బాగానే ఉంది. రెండో ఏడు కొంచెం సన్నం. నాలుగో ఏడు మొలకలు వచ్చినప్పుడు సాళ్ళలో అక్కడక్కడ తెల్లటి మొలకలు. ఆకుపచ్చ అన్నదే లేదు, మల్లెపువ్వు తెలుపు. చూడ్డానికి ఎంత అందంగా ఉన్నాయో. పది రోజుల్లో అన్నీ వాడి నేలకు అంటుకుపోయాయి. బతికినవి నా భుజం దాకా కూడా రాలేదు, కంకి అరచేతిలో పట్టేంత.

ఎరువు లోపమా, జింకు లోపమా అని టెన్షన్ పడి రాజేంద్రనగర్‌లో తెలిసిన ఒక మక్క శాస్త్రవేత్తను అడిగాను. ఆయన ఒకే ప్రశ్న వేశారు. "విత్తనం ఎన్ని కంకుల నుంచి తీశారు?" చెప్పాను. నవ్వలేదు గానీ నవ్వినంత పని చేశారు. వరి వేరు, మక్క వేరు అన్నారు. వరి తన పుప్పొడి తానే పెట్టుకుంటుంది, నాలుగు కంకులతో నడుస్తుంది. మక్క ఇరుగుపొరుగుతోనే బతుకుతుంది. ఆరు కంకులంటే ఆరు ఇళ్ళు, రెండు మూడు తరాల్లో అంతా అన్నదమ్ముల పిల్లలే. దాగున్న లోపాలన్నీ బయటపడతాయి, ఆ తెల్ల మొలకలు అలాంటివే. కనీసం వంద మొక్కల నుంచి తీసుకోవాలి, ఒక్కోదాని నుంచి కొద్దికొద్దిగా, అన్నారు.

ఫోన్ పెట్టేశాక నాకు దూలమే కనిపించింది. ముప్పై పుంజీలు. ఒక్కో కంకి నుంచి నడుమ గింజలు ఇంతింత.

అప్పటికి నా దగ్గర మిగిలింది పనికిరాని విత్తనం. రెండేళ్ళు ఏమీ వేయలేదు. తర్వాత ఒక పెండ్లిలో మేనత్తను కలిస్తే మాటల్లో మాటగా ఈ సంగతి చెప్పాను. "మా అవ్వ మక్కలా? నేను ఏస్తనే ఉన్న కదరా" అంది. ఆమె పెండ్లయి పోయేటప్పుడు నాయనమ్మ ఒడిబియ్యంతో పాటు కంకుల కట్ట పంపిందట. ముప్పై ఏళ్ళుగా ఇంటి వెనుక నాలుగు గుంటల్లో వేస్తోంది. నాకు కళ్ళనీళ్ళు వచ్చినంత పనైంది. అత్తకు మాత్రం ఇదేం పెద్ద సంగతి కాదు. "గారెలకు గివే మంచిగుంటయ్, దుకాణపువి నూనె తాగుతయ్" అంది, అంతే.

పదకొండు పుంజీలు ఇచ్చింది. సగం గింజలు పసుపు తిరిగి ఉన్నాయి, వాళ్ళ చుట్టూ అన్నీ హైబ్రిడ్ చేలే మరి. చాటలో పోసుకుని కూర్చున్నాను. నాకు రెండు రోజులు కాదు, నాలుగు రోజులు పట్టింది, కళ్ళజోడుతో.

ఇప్పుడు ఎనిమిది గుంటల్లో వేస్తున్నాను. దిగుబడి ఎకరం లెక్క కడితే పది క్వింటాళ్ళ దగ్గరే తిరుగుతోంది, పక్కవాళ్ళు ముప్పై తీస్తున్నారు. దీనితో సంసారం నడవదు, జీతం నడుపుతోంది. 2018లో కత్తెర పురుగు వచ్చినప్పుడు దేశవాళీ కదా తట్టుకుంటుందని ఎవరో అంటే నమ్మాను. అది దేశవాళీ, హైబ్రిడ్ అని అడిగి తినదు, సుడిలో కూర్చుని అన్నిటినీ ఒకేలా కొరికింది. పొద్దున్నే సుడుల్లోంచి పురుగులు ఏరి డబ్బాలో వేయడం మాత్రం చేయగలిగాను.

మాది స్లాబు ఇల్లు. దూలం లేదు, పొయ్యి లేదు, పొగ లేదు. మెట్ల కింద ఒక ఇనుప పైపు బిగించి దానికి కట్టాను కంకుల్ని, వేపాకు కట్టలు మధ్యలో వేసి. పాములు వస్తాయని మా ఆవిడ భయం. పాములు రాలేదు గానీ ఎలుకలు వచ్చాయి. మొన్న ఆదివారం మా చిన్నమ్మాయిని లెక్కపెట్టమంటే ఇరవై తొమ్మిది పుంజీల మూడు కంకులు తేలాయి. ఒకటి బెండు మాత్రం మిగిలి కింద పడి ఉంది. ఆ బెండునే చేతిలో తిప్పుతూ గుంటల వరుసలు లెక్కపెడుతోంది. బేసి వరుసలు చూపిస్తే పావలా ఇస్తానన్నాను.

"పావలా ఎవరు తీసుకుంటరు డాడీ, యాభై ఫోన్‌పే చెయ్" అంది తల ఎత్తకుండా. పద్నాలుగు దాకా వచ్చి, ఎక్కడ మొదలుపెట్టిందో మరిచిపోయి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడుతోంది.